పచ్చ టిక్కు వచ్చాక

లావయ్యావే నెరీ, అన్నాడు, అయిదేళ్ళ తర్వాత కనిపించిన మనిషి నోట్లోంచి ఊడిపడిన మొదటి ముక్క అది, సరే, ఈ ఊళ్ళో ఎవరికి ఎవరు ఎదురుపడినా ముందు అనే మాట అదే, అందులో తప్పు పట్టడానికేం లేదు, కానీ అన్నది రోడెల్ విల్యారుజ్ కాబట్టి నెరిస్సా బగ్తాస్‌కి ఒళ్ళు మండిపోయింది, లావవక ఏమవుతాను, నువ్వు నా ఉద్యోగం ఊడగొట్టాక కాల్ సెంటర్లో కూర్చుని, ప్రింటరు పని చెయ్యట్లేదని సముద్రం అవతల నుంచి తిట్టేవాళ్ళకి సారీ సార్ సారీ సార్ అని చెప్పుకుంటూ వేళాపాళా లేకుండా తిన్న ఒళ్ళు ఇది, అందామనుకుంది, అనలేదు, మీరు మాత్రం అలాగే ఉన్నారు కుయా, అంది, అని నాలుక కొరుక్కుంది, అన్నయ్యా అని పిలిచే ఆ పాత పిలుపు అడగకుండానే బయటికి వచ్చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అతను మాత్రం హాయిగా నవ్వాడు, చొక్కా ఇస్త్రీ నలగలేదు, జుట్టుకి రంగు కొత్తగా వేయించినట్టున్నాడు, నువ్వు ఇక్కడే చేస్తున్నావని తెలీదే, మరీ మంచిది, ఇక మన పని సులువైపోయినట్టే, అన్నాడు, మన పని అట, మన.

అవుతుంది, చాలా సులువుగా అవుతుంది చూస్తూ ఉండు, అనుకుంటూ ఆమె గోడ పక్క కుర్చీలో కూర్చుంది, హాలు మధ్య పొడుగాటి బల్ల మీద అతను తెచ్చిన నల్లటి స్టోరేజీ పెట్టె, దాని ముందువైపు వరసగా డిస్కులు, ఒక్కో డిస్కుకీ ఒక్కో చిన్న పచ్చ దీపం, ఇవతల ఎక్స్‌టెన్షన్ వైరు నేల మీద పాకుతూ వచ్చి సరిగ్గా ఆమె కుర్చీ కాళ్ళ దగ్గర ఆగింది, దానికి బ్యాటరీ ఏది కుయా అని ఆమె ముందే అడిగింది, వచ్చే వారం డెలివరీ అన్నాడు, అయిదేళ్ళ కింద అతని కొట్లో పనిచేసినప్పుడూ అదే మాట, వారాలు మారాయి గానీ డెలివరీ రాలేదు, బల్లకి అటువైపు పన్సిత్ నూడుల్సు ట్రేలు, పళ్ళేలు, నెరిస్సా కొత్తగా చేరిన సీరియల్ కంపెనీ యజమానురాలు చరీతో మేడమ్ ఒక కంట టీవీ తెరనీ ఒక కంట నూడుల్సునీ చూస్తోంది, పాత సర్వరు పోయిన వారం మూలపడింది, రోజూ రాత్రి ఇంటింటా ఆడే సీరియల్ ఎక్కడ ఆగిపోతుందోనని మేడమ్‌కి నిద్ర లేదు, కొత్తది ఇవాళే కొనేస్తే ఇవాళే ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లి దీవిస్తారు, దీవించాక ఇవాళే పని మొదలు, అంతా ఇవాళే, చరీతో మేడమ్ కంగారు అలాంటిది.

రోడెల్ తన ఫైలు పెట్టాడు, చూడండి మేడమ్, అన్నాడు, తెర మీద అంకె ఒక్క ఊపున లేచి సెకనుకి వెయ్యి మెగాబైట్లు దాటి అక్కడే నిలబడింది, కళ్ళు మూసి తెరిచేలోగా పచ్చ టిక్కు, అయిపోయింది, అందరూ చప్పట్లు కొట్టారు, చరీతో మేడమ్ కూడా ఫోర్కు నోట్లోనే పెట్టుకుని కొట్టింది, కొట్టండమ్మా కొట్టండి, ఆ ఫైలు చిన్నది కాబట్టి అది డిస్కు దాకా పోనే లేదు, పెట్టెలో ఉన్న మెమరీలో కూర్చుంది అంతే, మీరు చూసిన వేగం మెమరీది, డిస్కులది కాదు, అమ్మేవాళ్ళంతా చేసే గారడీ ఇదే, మెమరీలో పట్టేంత ఫైలు తెచ్చి పరుగులు పెట్టించడం, పట్టనంత ఫైలు తెస్తే అప్పుడు బయటపడుతుంది ఆ చవక డిస్కుల బండారం, ఆమె తెచ్చింది, పొద్దున బులకాన్‌లో తీసిన షూటింగు మొత్తం, కెమెరా కార్డులన్నీ ఒక తోలు సంచిలో, కంపెనీ డ్రైవరు మాంగ్ బెర్తింగ్ కారులో పట్టుకొచ్చాడు, కథలో హీరోయిన్ పుట్టిల్లు తగలబడే ఘట్టం, సెట్టుని నిజంగానే తగలబెట్టేశారు, బూడిద తప్ప అక్కడ ఇప్పుడేం లేదు, కుయా, మాది కూడా ఒకసారి పెట్టి చూపిస్తారా, పొద్దుటి పనంతా, అంది ఎంతో వినయంగా, తప్పకుండా, అన్నాడు రోడెల్, ఇంకేం, పప్పులో కాలేశాడు, ఆమె కార్డులు పెట్టింది, అంకె మళ్ళీ వెయ్యి దాటింది, పరిగెత్తు, ఎంతసేపు పరిగెత్తుతావో పరిగెత్తు, మెమరీ నిండేదాకానేగా.

జీప్నీ ఎక్కినప్పుడు చూడండి కుయా, అని చెప్పింది అప్పట్లో, గిల్మోర్ వీధిలో అతని కంప్యూటర్ల కొట్లో కొత్తగా చేరిన రోజుల్లో, వెనకాల కూర్చున్నవాడు ఛార్జీ డబ్బులు పక్కవాడి చేతికిస్తాడు, పక్కవాడు ఆ ముందువాడికి, అలా చేతులు మారుతూ మారుతూ డ్రైవరు దాకా పోతాయి, వెనకవాడు మాత్రం ఇచ్చేశానని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు, ఇచ్చిన మాట నిజమే, కానీ చేరలేదు, మధ్యలోవాడు దిగి పారిపోతే డబ్బులూ పోయినట్టే, ఈ మెమరీ మధ్యలోవాడు, డిస్కు డ్రైవరు, పచ్చ టిక్కు అంటే వెనకవాడు చెయ్యి దులుపుకున్నాడని మాత్రమే, టిక్కు తర్వాత కూడా కాసేపు లోపల చేతులు మారుతూనే ఉంటాయి, ఆ కాసేపట్లో కరెంటు పోతే సర్వం పోతుంది, అందుకే బ్యాటరీ ఉండాలి, రోడెల్ పొట్ట పట్టుకుని నవ్వాడు, నువ్వు జీప్నీలు తోలుకో నెరీ, నేను సర్వర్లు అమ్ముకుంటాను, కస్టమర్లకి వేగం కావాలి, బ్యాటరీ తర్వాత చూద్దాం, మెమరీ ఆన్ చెయ్యి, సరే అని ఆన్ చేసింది, జీతం ఇచ్చేవాడు చెప్పాక చెయ్యక ఏం చేస్తుంది, బ్యాటరీ తప్పకుండా పెట్టాలి అని మళ్ళీ చెప్పింది, రెండోసారి చెప్పినప్పుడు అతను ఫోన్లో ఉన్నాడు.

ఆ పెట్టెల్లో ఒకటి మరికీనాలో ముసలాయన ఇంటికి వెళ్ళింది, తతాయ్ అంబో, ఊరూరా తిరిగి పడవవాళ్ళు తెడ్డు వేస్తూ పాడే పాటలు రికార్డు చేసిన మనిషి, పాడినవాళ్ళలో సగం మంది అప్పటికే పోయారు, ఆయన దగ్గర కార్డులు ఎప్పుడూ తక్కువే, ఉన్నవాటినే తుడిచి తుడిచి వాడేవాడు, రోడెల్, తను కలిసి వెళ్ళి పెట్టెని కిటికీ దగ్గర పెట్టి పాటలు ఎక్కిస్తున్న ఆ మధ్యాహ్నం పక్కింట్లో ఎవరిదో పుట్టినరోజు, వీడియోకె పాటల మెషిను పెట్టి గొంతు చించుకుంటున్నారు, ఒకడు శ్రుతికి అర మైలు దూరంలో ఉన్నాడు, అయినా మెషిను వాడికి తొంభై ఎనిమిది మార్కులు వేసి బాకా ఊదింది, తతాయ్ అంబో రెండు చెవులూ మూసుకుని, వీళ్ళ పాటలు కూడా నేనే దాచాలంటారేమో ఈహా, అన్నాడు కూతుర్ని పిలిచినట్టు, ఆమె నవ్వుతూ సందు చివరికి టురోన్ కొనడానికి వెళ్ళింది, ముసలాయనకి ఆ వేయించిన అరటిపండంటే ఇష్టమని, తిరిగొచ్చేసరికి పెట్టె కిటికీ దగ్గర లేదు, బాల యేసు పీఠం కింద ఉంది, ఆయనే అక్కడ పెట్టమన్నాడట, దేవుడి నీడన ఉంటుందని, అది తెరిచి చూస్తే పాటలు లేవు, ఫైళ్ళ పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు, టిక్కు వచ్చింది ఈహా, నేను నా కళ్ళతో చూశాను, కార్డులు తుడిచేశాను, అన్నాడు ముసలాయన, అరవలేదు, అరిచినా బాగుండేది, చేతిలో టురోన్ పొట్లం నూనె కారుతూ చల్లారిపోయింది.

బ్రౌనౌట్ వచ్చుంటుంది తతాయ్, కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చుంటుంది, అయినా ఈ పిల్ల సెట్టింగు తప్పు చేసింది, అన్నాడు రోడెల్, ఆమె పక్కనే నిలబడి ఉండగా, ఆమె మొహం చూడకుండా, మర్నాటికి గిల్మోర్ అంతా అదే మాట, ముసలాయన పాటలు పోగొట్టిన పిల్ల ఈమే, వీధిలో ఏ కొట్లోకి వెళ్ళినా ముందు మంచినీళ్ళు ఇచ్చి తర్వాత లేదనేవాళ్ళు, అయిదేళ్ళు, పళ్ళు నూరుకుంటూ అయిదేళ్ళు, కాల్ సెంటర్ హెడ్‌సెట్టు చెవులు కొరుకుతుంటే ఎన్నిసార్లు ఊహించుకుందో, రోడెల్‌ని నలుగురి ముందు నిలబెట్టి ముక్కు నేలకి రాయించాలని, అతని నోటితోనే నాదే తప్పు అనిపించాలని, దానికంటే పాడు సంగతి ఇంకోటుంది, ఎవరికీ చెప్పనిది, ఒక్కో తెల్లవారుజామున షిఫ్టు దిగి బస్సులో కూర్చున్నప్పుడు నిజంగా నేనే ఎక్కడో తప్పు పెట్టానేమో అనిపించేది, ఆ ముల్లు గుచ్చినవాడు కూడా అతనే, దానికి మాత్రం క్షమాపణ లేదు.

పడింది, అదిగో పడింది, వెయ్యి దగ్గర మిడిసిపడుతున్న అంకె ఆరొందలు, మూడొందలు, రెండొందల దగ్గరికి జారి అక్కడ ఆయాసపడుతోంది, మెమరీ నిండింది, ఇక లోపలికి ఎంత పోవాలన్నా డిస్కులు దారి ఇవ్వాలి, మేడమ్, ఒకసారి అంకె చూడండి, అంది, గొంతు తనదేనా అనిపించేంత తియ్యగా ఉంది, చరీతో మేడమ్ తలెత్తింది, ఏమైంది, తగ్గిందేం, అంది, రోడెల్ తెర వైపు చూశాడు, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం అతని మొహంలో ఏదో ఆగింది, తర్వాత నవ్వేశాడు, జనం ఎక్కువైతే ఎడ్సా రోడ్డు మీద బస్సు కూడా పాకుతుంది కదా మేడమ్, మీ వాళ్ళు అంత పెద్ద ఇల్లు తగలబెట్టాక ఆ మంటంతా లోపలికి పోవద్దూ, అన్నాడు, హాలంతా ఘొల్లుమంది, మేడమ్ కూడా నవ్వింది, అది నిజమేలే, అంది, పన్సిత్‌లో నిమ్మకాయ పిండుకుంది, అయిపోయింది, అయిదేళ్ళు నూరిన కారం ఒక్క బస్సు జోకు కింద నలిగిపోయింది, నెరిస్సా కూడా నవ్వాల్సి వచ్చింది, అందరూ నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదు కదా, ఆ నవ్వు పెదాల మీద ఎండిపోయింది, చెప్పినా ఎక్కదు వీళ్ళకి, అంకెలు చూపించినా ఎక్కదు, నష్టపోతేనే ఎక్కుతుంది, ఆ ముసలాయన నష్టపోయినట్టు.

అప్పుడు చూసింది కాళ్ళ దగ్గర ప్లగ్గుని, ఎక్స్‌టెన్షన్ బోర్డులో వదులుగా వేలాడుతోంది, చెప్పు కొసతో ఒక్క నెట్టు నెడితే చాలు, ఎవరూ చూడరు, చూసినా పొరపాటున కాలు తగిలిందంటారు, అదీ కాకపోతే బ్రౌనౌట్ అంటారు, బ్రౌనౌట్ అంటే ఈ దేశంలో ఎవరూ రెండో ప్రశ్న అడగరు, ఇప్పుడే కాదు, టిక్కు వచ్చాక, అందరూ అయిపోయింది అనుకున్నాక, మెమరీ నిండా ఇంకా కాలుతున్న ఇల్లు ఉండగా, నెడితే, మళ్ళీ వెలిగించి చూస్తే పేర్లుంటాయి, లోపల ఏమీ ఉండదు, అప్పుడు నవ్వు రోడెల్, అప్పుడు చెప్పు బస్సు జోకులు, చరీతో మేడమ్ పళ్ళెం పక్కన పెట్టి నీ కంపెనీని ఈ ఊళ్ళో ఏ స్టూడియో గుమ్మం తొక్కనివ్వదు, నీకూ మంచినీళ్ళు ఇచ్చి లేదంటారు, ఆమెకి నోరూరింది, నిజంగానే, ఎదురుగా పన్సిత్ ఉన్నా దానికి కాదు, కార్డులు తన దగ్గరే ఉంటాయి కదా, అవి దాచేస్తే ఎవరికీ నష్టం లేదు, మళ్ళీ తీసి చూపిస్తే సరి, కావాలంటే చూపించకపోయినా సరి, ఆ రెండో ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, వచ్చి పక్కన కూర్చుంది.

పచ్చ టిక్కు వచ్చింది, చప్పట్లు, ఈసారి కొంచెం అలసటగా, అయిపోయింది మేడమ్, అన్నాడు రోడెల్, అంటూనే బల్ల మీది తోలు సంచి తీసి తలుపు దగ్గర టోపీ నలుపుకుంటూ నిలబడ్డ మాంగ్ బెర్తింగ్ చేతిలో పెట్టాడు, పాపం అక్కడ మధ్యాహ్నం షూటింగుకి కార్డుల కోసం చూస్తుంటారు, తీసుకెళ్ళండి, ఇక తుడిచేసుకోవచ్చు, అన్నాడు, అంత ధీమాగా, మాంగ్ బెర్తింగ్ సంచి చంకలో పెట్టుకుని ఆమె వైపు చూశాడు, వెళ్ళనా ఈహా, అని కళ్ళతోనే, అదే సమయంలో లిఫ్టు తెరుచుకుని ఫాదర్ వచ్చారు, వెనకాల పవిత్రజలం గిన్నె పట్టుకున్న ఆవిడ, చరీతో మేడమ్ చీకిన వేళ్ళు రుమాలుకి తుడుచుకుంటూ లేచింది, ఫాదర్ ఇక్కడ చల్లుతారా, సర్వరు గదిలోనా, అంది, దాని చోట అది ఉంటేనే బాగుంటుంది మేడమ్, నేను జరిపిస్తానుగా, అన్నాడు రోడెల్, డిస్కుల దీపాలన్నీ పిచ్చెక్కినట్టు మినుకుతున్నాయి, అతను వాటిని చూశాడు, చూసి, చూశారా ఫాదర్, మిమ్మల్ని చూసి ఎంత సంతోషిస్తుందో, అన్నాడు, అని ప్యాంటు మోకాళ్ళ దగ్గర కొంచెం పైకి లాక్కుని, ప్లగ్గు కోసం ఆమె కాళ్ళ దగ్గర వంగాడు.

అతనే తీస్తున్నాడు, అతని చేత్తో అతనే, తను చెప్పు కూడా కదపనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు, నోరు మూసుకుని కుక్కిన పేనులా కూర్చుంటే దేవుడు స్వయంగా ఫాదర్‌ని కూడా సాక్షిగా పంపించి పగ తీర్చిపెడుతున్నాడు, ఎంత చక్కగా కుదిరింది, ఎంత చక్కగా, అతని నడినెత్తిన రంగు అందని తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి, చెయ్యి చాచాడు, ఏమీ తెలియని చెయ్యి, ఒక పెట్టెని ఇక్కణ్ణించి అక్కడికి జరపడానికి ప్లగ్గు తీసే మామూలు చెయ్యి, ఎన్నిసార్లు తీసుంటాడో ఇలా, ఏ ఇంట్లో ఏ కిటికీ దగ్గర, ఏ కిటికీ, కిటికీ దగ్గరి పెట్టె బాల యేసు పీఠం కిందికి ఎలా వెళ్ళింది, అయిదేళ్ళుగా అతను దాన్ని సరిగ్గా ఆపి జరిపాడనే అనుకుంది, అది ఆలోచించాల్సిన సంగతి అని కూడా తోచలేదు, సందు చివర టురోన్ బండి దగ్గర నిలబడ్డప్పుడు ఆ శ్రుతి లేని గొంతు వినిపిస్తూనే ఉంది, పాకం అంటిన పొట్లం పట్టుకుని తిరిగొస్తుంటే వినిపిస్తూనే ఉంది, గడపలో చెప్పులు విడుస్తుంటే బాకా ఊది మళ్ళీ మార్కులు వేసింది, వీడియోకె ఆగలేదు, ఒక్క క్షణం కూడా ఆగలేదు, కరెంటు పోతే ఆగదా, బ్రౌనౌట్ రాలేదు, ఆ మధ్యాహ్నం మరికీనాలో బ్రౌనౌట్ అనేది రానే లేదు, ఇదిగో ఈ చెయ్యే, ఇలాగే వంగి, ఇలాగే ప్యాంటు పైకి లాక్కుని, తను జీప్నీ కథ చెప్పినప్పుడు నవ్విన మనిషి అందులో ఒక్క ముక్క వినలేదు, వినలేదు కాబట్టి తెలియలేదు, తెలియలేదు కాబట్టి ఇన్నేళ్ళూ హాయిగా నిద్రపోయాడు, నా సెట్టింగు కాదు, నేను కాదు, ఆ ముల్లు ఒక్కసారిగా ఊడివచ్చింది, వచ్చేటప్పుడు ఎంత నొప్పి పెట్టిందో, ఆమెకి అతని నెత్తి మీద పన్సిత్ ట్రే బోర్లించాలనిపించింది.

అతని వేళ్ళు ప్లగ్గుని తాకాయి, మాంగ్ బెర్తింగ్ తలుపు తోస్తున్నాడు, ఈ గదిలో ఆ దీపాల అర్థం తెలిసినది ఒక్క తనకే, అతనికి తెలీదు, మేడమ్‌కి తెలీదు, ఫాదర్‌కి తెలీదు, ఇప్పుడు ఊరుకుంటే తెలిసి పోగొట్టిన మనిషి ఒక్కరే ఉంటారు, షూటింగు పోగొట్టిన పిల్ల ఈమే, అని రోడెల్ మళ్ళీ అంటాడు, ఈసారి అది అబద్ధం కాదు, అయిదేళ్ళ కింద తన మీద పడేసిన అబద్ధాన్ని తన చేతులారా నిజం చేసి అతనికి కానుక ఇచ్చినట్టవుతుంది, ఇవ్వను, ఎవరికైనా ఏమైనా ఇస్తాను గానీ నీకు అది ఇవ్వను రోడెల్, అనుకుంటూ ఆమె కాలు తీసి ప్లగ్గు మీద, అతని వేళ్ళ మీద, చెప్పుతో సహా పెట్టి తొక్కింది, తియ్యకండి కుయా, అంది, మాంగ్ బెర్తింగ్, ఆగండి, ఆ సంచి వెనక్కి తీసుకురండి, టిక్కు వచ్చింది గానీ పని కాలేదు, అదంతా ఇంకా మధ్యలోవాళ్ళ చేతుల్లోనే ఉంది, ఇప్పుడు ప్లగ్గు తీస్తే పొద్దుటి ఇల్లు ఇంకోసారి తగలబడుతుంది, ఇరవై ఏళ్ళు క్యాపో రూటులో జీప్నీ తోలిన మాంగ్ బెర్తింగ్ సంచి గుండెకి హత్తుకుని వెనక్కి వచ్చాడు, అంటే డబ్బులు ఇంకా డ్రైవరు చేతికి చేరలేదా ఈహా, అన్నాడు, ఇంకా చేరలేదు మాంగ్ బెర్తింగ్, ఆ దీపాలు ఆగితే చేరినట్టు, అంది, చరీతో మేడమ్ కుర్చీలో మెల్లగా కూలబడి, అదేంటి రోడెల్, నువ్వు తుడిచేసుకోమన్నావుగా, అంది.

నెరీ, వేళ్ళు, అన్నాడు రోడెల్ కింద నుంచి, నవ్వబోతూ, ఆమె కాలు తియ్యలేదు, తొందరేం లేదు, ఆ డిస్కుల వేగానికి ఇంకా చాలా సేపు పడుతుంది, ఒక్కటి చెప్పండి కుయా, తతాయ్ అంబో ఇంట్లో పెట్టె పీఠం కిందికి జరిపింది మీరే కదా, అంది, నేనే, ఆయన అడిగాడుగా, అన్నాడు, మరి బ్రౌనౌట్ వచ్చిందన్నారు మీరు, పక్కింట్లో వీడియోకె పాడుతున్నారు, గుర్తుందా, గుర్తుండకేం, చెవులు పగిలిపోయాయి, అన్నాడు, అది మధ్యలో ఎక్కడైనా ఆగిందా, అంది, అతను ఆగలేదు అనబోయాడు, పెదాలు ఆ ఆకారానికి వచ్చాయి కూడా, వచ్చి అక్కడే ఉండిపోయాయి, చెప్పు కింద తన వేళ్ళని చూశాడు, వేళ్ళ కింద ప్లగ్గుని చూశాడు, తలెత్తి మినుకుతున్న దీపాల్ని చూశాడు, మొదటిసారిగా వాటిని నిజంగా చూశాడు, అయిదేళ్ళ కింద ఆమె చెప్పిన మాట చేతులు మారుతూ మారుతూ ఇప్పటికి అతని దాకా వచ్చింది, మొహంలో రంగు కొంచెం కొంచెంగా దిగిపోతోంది, ఫాదర్ గిన్నె పట్టుకుని ఎదురుచూస్తున్నారు, నూడుల్స్ చల్లారిపోతున్నాయి, ఒక దీపం ఆగింది, తర్వాత ఇంకొకటి, కూర్చోండి కుయా, అన్నీ ఆగేదాకా అక్కడే కూర్చుని చూడండి, అంది నెరిస్సా, కాలు తియ్యకుండానే, ఆ రోజు నేను కాదు, అనుకుంది, ఆ మాట లోపల చివరిదాకా దిగింది, ఆ రోజు నేను కాదు, ఇవాళా నేను కాదు.